బాస్టిల్‌కు దారి బందరు మీదుగానే

సంపాదకులకు నమస్కారం.

"కొండవీటి కోట మొహం చూడని పిల్లలకు బాస్టిల్ కోట ఎందుకు?" అని ఈమధ్య మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు అడిగారు. తొమ్మిది, పది తరగతుల సోషల్‌లో ఉన్న ఫ్రెంచి విప్లవం, రష్యా విప్లవం, నాజీ జర్మనీ, ఐరోపా జాతీయవాదం పాఠాలు తీసేసి, ఆ పీరియడ్లు ఆంధ్ర చరిత్రకు ఇమ్మని ఆయన వాదన. గుంటూరు పిల్లలకు కొండవీడు చూపించాలన్న మాట ఒప్పుకోవలసిందే. దానికోసం బాస్టిల్‌ను పడగొట్టనక్కర్లేదు, రాజు జైలుగా వాడిన ఆ కోటను పారిస్ జనం ఎప్పుడో పడగొట్టారు.

ఆయన చిరాకుకు కారణం మాత్రం నిజంగానే ఉంది. గుంటూరు, విజయవాడ బడుల్లో ఈ పాఠాలు చాలాచోట్ల నడిచే తీరు ఇది: గైడులోంచి బిట్లు, నాలుగు పాయింట్ల జవాబు, స్లిప్ టెస్టు, అయిపోయింది. 1789 జులై 14 అన్న తేదీ పిల్లలకు నోటికొస్తుంది. ఆ రోజు జనం ఆ కోట మీదికే ఎందుకెళ్లారంటే ఖైదీలను విడిపించడానికి అంటారు. లోపల ఉన్న ఖైదీలు ఏడుగురు. పొద్దున ఇన్వాలీడ్స్ భవనంలో జనానికి తుపాకులు దొరికాయి, వాటిలో వేసే మందు బాస్టిల్‌లో ఉంది, అందుకు వెళ్లారు. ఈ ఒక్క ముక్క చెబితే తేదీ దానంతటదే గుర్తుంటుంది.

పాఠం పారిస్ వీధుల్లో మొదలవుతుంది. మన పిల్లలకు బందరులో మొదలుపెడితే మేలు. 1753లో హైదరాబాదు నిజాం సలాబత్ జంగ్ తన దగ్గరున్న ఫ్రెంచి సైన్యం జీతాల కింద కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, చికాకోల్ (శ్రీకాకుళం) సర్కార్లను ఫ్రెంచి సేనాని బుస్సీకి రాసిచ్చాడు. మూడేళ్లకు ఇంగ్లండ్, ఫ్రాన్స్‌ల మధ్య ఏడేళ్ల యుద్ధం (1756–63) వచ్చింది. అందులో ఒక ముక్క మన గడ్డ మీదే నడిచింది. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్లను ఓడించాడు, 1759 ఏప్రిల్‌లో బందరు కోట పట్టుకున్నాడు. ఇలాంటి ఓటములు కెనడా నుంచి కోరమండల్ దాకా తిన్న ఫ్రాన్స్‌కు మిగిలింది అప్పు. కసి తీర్చుకోవడానికి 1778లో అమెరికా వలసల పక్షాన మళ్లీ ఇంగ్లండ్ మీదికి యుద్ధానికి దిగింది. ఈసారి గెలిచింది గానీ, అప్పటికే 200 కోట్ల లివ్రలు (లివ్ర అంటే అప్పటి ఫ్రెంచి డబ్బు) దాటిన అప్పు మీద ఇంకో 100 కోట్లకు పైగా పడింది.

ఇప్పుడు బోర్డు మీద 1788 నాటి ఫ్రాన్స్ జమాఖర్చు రాయాలి. రాబడి 50.3 కోట్ల లివ్రలు. ఖర్చు 62.9 కోట్లు. ఆ ఖర్చులో అప్పుల కిందికే 31.8 కోట్లు, అంటే సగం. రాజదర్బారు ఖర్చు చూస్తే మొత్తంలో ఆరు శాతం దగ్గరే ఉంటుంది, కాబట్టి రాణి మేరీ ఆంటోనెట్ నగల వల్ల ఖజానా ఖాళీ అయిందన్న కథ నిలబడదు. (రొట్టె లేకపోతే కేకులు తినమని ఆమె అన్నట్టూ ఆధారం లేదు. గైడుల్లో ఇంకా ఉంది.) "ఏటా 12.6 కోట్లు లోటు, ఈ ఇంటి యజమాని ఏం చేస్తాడు?" అని తరగతిని అడిగితే చాలు. మిర్చి రైతు ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు దీని జవాబు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇంకా అప్పు తెస్తాడు, ఖర్చు తగ్గిస్తాడు, లేదా కొత్త రాబడి చూసుకుంటాడు. అప్పు ఇచ్చేవాళ్లు పది శాతం వడ్డీ అడుగుతున్నారు. ఖర్చు తగ్గిద్దామంటే అప్పుల కిందే సగం పోతోంది. ఇక మిగిలింది పన్ను. పన్ను కట్టకుండా మినహాయింపు అనుభవిస్తున్నవాళ్లు మతాధికారులు, ప్రభువులు. వాళ్ల మీద వేయాలంటే 1614 తర్వాత ఒక్కసారీ కూర్చోని ఎస్టేట్స్ జనరల్ సభను పిలవాలి. 1789 మే 5న పిలిచారు.

ఇక్కడొక లెక్క తప్పక చేయించాలి. మొదటి ఎస్టేట్ (మతాధికారులు) ప్రతినిధులు 300, రెండోది (ప్రభువులు) 300, మూడోది (మిగతా జనం) 600. పాత పద్ధతిలో ఎస్టేటుకు ఒక ఓటు, కాబట్టి 2–1 తేడాతో మూడోవాళ్లు ఎప్పుడూ ఓడిపోతారు. తలకొక ఓటు అయితే 600–600, అవతలి వైపు నుంచి కొందరు ఇటు వచ్చినా గెలుస్తారు. గొడవంతా ఈ రెండు లెక్కల మధ్యే. రాజ్యాంగం వచ్చేదాకా చెదిరిపోమని మూడోవాళ్లు జూన్ 20న టెన్నిస్ కోర్టులో ప్రమాణం ఎందుకు చేశారో ఇది చేశాక వేరే చెప్పాల్సిన పని ఉండదు.

ఆ పక్కనే రొట్టె ధర. 1788 జులై 13న పడిన పెద్ద వడగళ్ల వానకు ఉత్తర ఫ్రాన్స్‌లో కోతకొచ్చిన పైరు పోయింది. బాస్టిల్‌కు సరిగ్గా ఏడాది మీద ఒక రోజు ముందు. మామూలు రోజుల్లో పారిస్‌లో నాలుగు పౌన్ల రొట్టె 8, 9 సూలు (సూ అంటే లివ్రలో ఇరవయ్యో వంతు). 1789 ఫిబ్రవరికి 14న్నర. కూలివాడి రోజు కూలి 20 నుంచి 30 సూలు. ఇంట్లో నలుగురుంటే రోజుకు కనీసం ఒక రొట్టె కావాలి. ఈ నాలుగు అంకెలతో పిల్లలు భాగహారం చేస్తే, తత్వవేత్తల పేర్లకంటే ముందు ఆకలి అర్థమవుతుంది. రూసో, మాంటెస్క్యూ వద్దని కాదు, వాళ్లు రొట్టె తర్వాత రావాలి.

మాటల దగ్గర పడే తప్పులు వేరు. ఎస్టేట్ అంటే మన పిల్లలకు తెలిసింది రియల్ ఎస్టేట్. అమరావతి రోడ్డు పొడుగునా ఆ బోర్డులే. మూడో ఎస్టేట్ అంటే మూడో వెంచర్ అనుకునే ప్రమాదం హాస్యానికి చెబుతున్నది కాదు. అప్పటి సమాజంలో ఒక శ్రేణి అని మొదటి రోజే చెప్పేయాలి. టైలే, టైద్ రెండూ పన్నులే, వినడానికి ఒకేలా ఉంటాయి. మొదటిది రాజుకు కట్టేది, రెండోది పంటలో చర్చికి ఇచ్చే వాటా. సోవియట్ అంటే మండలి అని ఎవరూ చెప్పక అది ఒక ఊరి పేరు అనుకునేవాళ్లు ఉన్నారు. ఇక అంకెల్లో మిలియన్ల తంటా. మిలియన్ పది లక్షలు, బిలియన్ వంద కోట్లు, ట్రిలియన్ లక్ష కోట్లు. 1789 నాటికి ఫ్రాన్స్ జనాభా 28 మిలియన్లు అని పాఠంలో ఉంటే పిల్లలు 28 కోట్లు అని రాస్తారు. అది 2.8 కోట్లు. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉన్నాయి. ఇంగ్లీషు మీడియం పిల్లలు తెలుగు పేజీ వైపు చూడనే చూడరు. కష్టమైన పేరా ముందు తెలుగులో చదివి, తర్వాత ఇంగ్లీషు చూడమంటే సగం సందేహాలు అక్కడే తీరతాయి.

జవాబు బాగుందో లేదో చూడటానికి ఒక చిన్న పరీక్ష ఉంది. గైడులో విప్లవ కారణాలు తీసి, దేశం పేరు మీద వేలు పెట్టి మూసి చదవండి. "నిరంకుశ పాలన, పన్నుల భారం, ప్రజల పేదరికం, రచయితల ప్రభావం." ఇది ఫ్రాన్సా, రష్యానా? రెండింటికీ సరిపోతుంది. అలా సరిపోయిన వాక్యం జవాబు కాదు, కొట్టేయాలి. 1614, 50.3 కోట్లు, 14న్నర సూలు అన్నవి రష్యాకు సరిపోవు. రష్యా రాజధాని పెత్రోగ్రాద్ రొట్టె క్యూలు, 1914 నుంచి సాగుతున్న యుద్ధం ఫ్రాన్స్‌కు సరిపోవు. పేపర్లు దిద్దేటప్పుడు ఈ ఒక్క గీటురాయి పెట్టుకున్నా రాత మారుతుంది.

రష్యా దగ్గరికి వస్తే, విజయవాడ పిల్లలకు లెనిన్ సెంటర్ తెలుసు, అక్కడి పాత పుస్తకాల దుకాణాలు తెలుసు. ఆ విగ్రహం ఎవరిదని అడిగితే జార్ చక్రవర్తిని దించినాయన అంటారు, అదీ తప్పే. 1917లో రెండు విప్లవాలు. మొదటిదానిలో జార్ దిగిపోయేసరికి లెనిన్ స్విట్జర్లాండ్‌లో ఉన్నాడు, తిరిగొచ్చింది ఆ తర్వాతే. రెండోదానిలో బోల్షెవిక్‌లు (లెనిన్ పార్టీవాళ్లు) దించింది జార్ తర్వాత వచ్చిన తాత్కాలిక ప్రభుత్వాన్ని. ఎనిమిది మార్కుల జవాబులో ఈ రెండూ కలిసిపోవడం చాలా తరచు జరిగే పొరపాటు.

తేదీల చిక్కు దాని పక్కనే ఉంది. ఫిబ్రవరి విప్లవం మార్చిలో, అక్టోబర్ విప్లవం నవంబరులో ఎలా జరిగాయి? రష్యా అప్పటికి జూలియన్ క్యాలెండర్ వాడుతోంది, అది మిగతా ఐరోపా కంటే 13 రోజులు వెనక. ఫిబ్రవరి 23 అంటే మనకు మార్చి 8. మహిళా దినోత్సవం అన్నమాట, పెత్రోగ్రాద్‌లో ఆడ కార్మికులు సమ్మెకు దిగిన రోజు. అక్టోబర్ 25 అంటే నవంబరు 7. చివరికి 1918లో జనవరి 31 మర్నాడు ఫిబ్రవరి 14 అని దిద్దుకున్నారు. పంచాంగంలో ఒక తిథి, గోడ మీది క్యాలెండర్‌లో ఒక తేదీ చూసి పెరిగిన తెలుగు పిల్లలకు ఇది అరనిమిషం పని. చెప్పకుండా వదిలేస్తే మాత్రం రెండు తేదీల్లో ఏదో ఒకటి తప్పనుకుని పరీక్షలో కలిపి రాసేస్తారు. ఇంకొక మాట. మన ప్రాంతంలో ఎర్రజెండాను అభిమానించేవాళ్లూ ఎక్కువే, గిట్టనివాళ్లూ ఎక్కువే. మాస్టారు తన ఇష్టాన్ని బట్టి 1917 దగ్గర ఆపేయడం, లేదా 1917ను ఎగరగొట్టడం రెండూ పిల్లలకు అన్యాయం. రైతు కుటుంబాల పిల్లలకు 1929 నుంచి సాగిన సమష్టి వ్యవసాయం, 1932–33 కరువు తెలియాలి. జార్ కాలంలో రైతు ఎలా బతికాడో కూడా అంతే వివరంగా తెలియాలి.

జర్మనీ పాఠానికి సున్నాలతో మొదలుపెట్టడం మంచిది. 1914 జులైలో ఒక డాలరుకు 4.2 మార్కులు. 1923 జనవరిలో సుమారు 18,000. జులైలో 3.5 లక్షలు, ఆగస్టులో 46 లక్షలు, సెప్టెంబరులో 9 కోట్ల 88 లక్షలు, అక్టోబరులో 2,500 కోట్ల పైన, నవంబరు నడిమికి 4.2 లక్షల కోట్లు. 4.2 తర్వాత ఎన్ని స్థానాలు జరిగాయో లెక్కపెట్టించండి: పన్నెండు. ఆ పన్నెండు సున్నాలు కొట్టేసి, లక్ష కోట్ల పాత మార్కులకు ఒక రెంటెన్‌మార్క్ అని కొత్త డబ్బు తెచ్చారు. డాలరు మళ్లీ 4.2 అయింది. ఈ లెక్క ఒకసారి వేసిన పిల్లలు దీన్ని మరచిపోరు. పాఠ్యపుస్తకంలో 9,88,60,000 అన్న అంకె "డిసెంబరు నాటికి" అని ఉంది. అది సెప్టెంబరు సగటు. డిసెంబరుకు కొత్త డబ్బు వచ్చేసింది. అలాగే హిట్లర్‌కు సర్వాధికారాలిచ్చిన చట్టం తేదీ మార్చి 3 అని ఇంగ్లీషు పాఠంలో పడింది. సరైనది 1933 మార్చి 23. పుస్తకంలో పెన్నుతో దిద్దుకోవలసినవి ఇవి.

అందరూ జారిపడే చోటు ఇంకొకటుంది. "కరెన్సీ విలువ పడిపోయింది, అందువల్ల హిట్లర్ వచ్చాడు" అని రాస్తారు. డబ్బు చిత్తుకాగితమైంది 1923లో. ఆ ఏడాది నవంబరులోనే మ్యూనిక్‌లో హిట్లర్ తిరుగుబాటు చేసి, విఫలమై జైలుకెళ్లాడు. 1928 ఎన్నికల్లో నాజీలకు వచ్చిన ఓట్లు 2.6 శాతం. తర్వాత 1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలింది, అమెరికా ఇచ్చిన అప్పులు వెనక్కి లాక్కుంది, 1932 నాటికి జర్మనీలో 60 లక్షల మందికి పనిలేదు. నాజీల ఓట్లు 1930లో 18.3 శాతం, 1932 జులైలో 37.3 శాతం. 1923లో చేతినిండా నోట్లు, వాటికి విలువ లేదు. 1932లో నోటుకు విలువ ఉంది, సంపాదించే పని లేదు. ఈ రెండింటినీ రెండు వేర్వేరు రోగాలుగా చెప్పాలి. ఇంకా ఒక మెలిక ఉంది. 1932 నవంబరు ఎన్నికల్లో నాజీల ఓట్లు 33.1 శాతానికి తగ్గాయి. అలా తగ్గుతున్న సమయంలో 1933 జనవరి 30న అధ్యక్షుడు హిండెన్‌బర్గ్ అతన్ని ఛాన్సలర్‌గా నియమించాడు. జనం మెజారిటీతో గెలిపించారన్నదీ తప్పే, బలవంతంగా కూర్చున్నాడన్నదీ తప్పే. పెద్దమనుషులు "మన చేతిలో ఉంటాడులే" అనుకుని కుర్చీ ఇచ్చారు.

ఈ పాఠంలో మన ఇళ్లకు సంబంధించిన ప్రశ్న ఒకటి తప్పదు. గడప మీద పసుపుతో వేసే స్వస్తిక్, నాజీల జెండా మీద ఎందుకుందని పిల్లలు అడుగుతారు. దాటవేయకూడదు. ఆ గుర్తు మన దగ్గరే కాదు, అనేక పాత నాగరికతల్లో శుభచిహ్నం. నాజీ పార్టీ 1920లో దాన్ని తీసుకుంది, 1935లో ఆ జెండానే దేశ జెండా చేసింది. "ఆర్య" అన్న మాటా అంతే. భాషల చరిత్రకు చెందిన మాటను రక్తానికి అంటగట్టి, సుమారు 60 లక్షల మంది యూదులను చంపడానికి సాకు చేసుకున్నారు. క్రమశిక్షణ ఎక్కువైన హెడ్మాస్టర్‌ను "మా హిట్లర్" అని ముద్దుగా పిలవడం మన దగ్గర మామూలు. పాఠం చెప్పే రోజున ఆ మాట గురించి కూడా రెండు నిమిషాలు మాట్లాడాలి.

పటాల సంగతి. ఆస్ట్రియాను గుర్తించమంటే ఆస్ట్రేలియా మీద చుక్క పెట్టడం, జర్మన్ రాజ్యమైన ప్రష్యా బదులు రష్యా రాయడం నిర్లక్ష్యం అనుకుంటాం. అసలు కారణం వేరు. దుకాణంలో దొరికే ఐరోపా అవుట్‌లైన్ మ్యాపు ఇప్పటిది. అందులో ప్రష్యా లేదు, ఆస్ట్రియా-హంగరీ లేదు, ఒట్టోమన్ సామ్రాజ్యం లేదు. పోలండ్ ఉంది గానీ, 1795 నుంచి 1918 దాకా అది పటంలో లేని దేశం. ఇప్పటి పటం మీద అప్పటి చరిత్ర గుర్తించమంటే ఏ పిల్లవాడైనా తికమకపడతాడు. దీనికి మందు ట్రేసింగ్ పేపరు. అట్లాస్‌లోని ఐరోపా మీద పేపరు పెట్టి, సరిహద్దులు ముట్టుకోకుండా ముందు సముద్రతీరం, రైన్, డాన్యూబ్, విస్తులా నదులు గీయించాలి. రాజ్యాలు మారినా నదులు అక్కడే ఉంటాయి, గుర్తులకు అవే ఆధారం. ఆ అడుగు పటం మీద ఒక్కో కాలానికి ఒక్కో ట్రేసింగ్: 1815, 1871, 1914, 1919. నాలుగూ ఒకదాని మీద ఒకటి పెట్టి వెలుతురుకు పట్టి చూస్తే, ఒట్టోమన్, ఆస్ట్రియా సామ్రాజ్యాలు కుంచించుకుపోవడం, జర్మనీ పుట్టి, ఉబ్బి, కోత పడటం కంటికి కనిపిస్తుంది. ఊళ్ల పేర్లు కూడా కాలాన్ని బట్టి రాయాలి. సెయింట్ పీటర్స్‌బర్గ్ 1914లో పెత్రోగ్రాద్, 1924లో లెనిన్‌గ్రాద్, 1991లో మళ్లీ సెయింట్ పీటర్స్‌బర్గ్. నాలుగు ఊళ్లు కావు.

పారిస్ పక్కన రాజభవనం ఉన్న వెర్సేల్స్ మీద ఎర్ర చుక్క పెట్టి రెండు తేదీలు రాయించండి. 1871 జనవరి 18, ఓడిన ఫ్రాన్స్ గడ్డ మీద ఆ అద్దాల మందిరంలో జర్మన్ సామ్రాజ్యాన్ని ప్రకటించారు. 1919 జూన్ 28, అదే మందిరంలో ఓడిన జర్మనీ చేత సంతకం పెట్టించారు. ఆ జూన్ 28 కూడా ఊరికే రాలేదు, సరిగ్గా ఐదేళ్ల కిందట అదే రోజున సారాయెవోలో మొదటి ప్రపంచయుద్ధానికి నిప్పంటించిన ఆస్ట్రియా యువరాజు ఫెర్డినాండ్ హత్య జరిగింది. తేదీలు బట్టీ పట్టడం నాకు గిట్టదు, ఇలాంటి తేదీలకు మాత్రం మినహాయింపు.

పదో తరగతిలో ప్రపంచీకరణ పాఠం గుంటూరు కోసమే రాసినట్టుంటుంది. మిరప, పొగాకు రెండూ అమెరికా ఖండాల పంటలు. 1492లో కొలంబస్ అటు వెళ్లకముందు, 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరి పోర్చుగీసు ఓడలకు దారి తీయకముందు మన దగ్గర లేవు. మిర్చి యార్డు ఉన్న ఊళ్లో, పొగాకు బోర్డు ఉన్న ఊళ్లో ఈ మాటతో పాఠం మొదలుకాకపోతే అది మాస్టారి తప్పే. ఆవకాయ జాడీని విడదీసి చూడమనండి. మామిడి, ఆవపిండి, నువ్వుల నూనె, మెంతులు, ఉప్పు మన దగ్గర చాలా పాతవి. ఎర్రటి కారం ఒక్కటి సముద్రం దాటి వచ్చింది. అంతకుముందు మనకు ఘాటంటే ఎక్కువగా మిరియాలే. ప్రాజెక్టు పేరుతో నెట్ సెంటర్లో ప్రింట్లు తీసి అతికించే బదులు, వంటింట్లో ఇరవై దినుసులు రాసి ఏది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టిక వేయిస్తే ఖర్చు లేదు, కాపీ కొట్టడానికి వీలూ లేదు. టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, మొక్కజొన్న, బొప్పాయి, జామ, జీడిపప్పు దగ్గర పిల్లలు తప్పకుండా వాదనకు దిగుతారు. దిగనివ్వండి.

ఆర్థిక మాంద్యం దగ్గరా అంతే. 1928–34 మధ్య మన దేశంలో గోధుమ ధర సగానికి పడింది, శిస్తు మాత్రం పడలేదు. నిడుబ్రోలులో రైతు నాయకుడు ఎన్.జి. రంగాగారు రైతు విద్యాలయం పెట్టింది ఆ కాలంలోనే. అడవుల పాఠంలో బస్తర్, జావా ఉన్నాయి. వాటి పక్కన పల్నాడు పుల్లరి (అడవిలో పశువుల మేతకు కట్టే పన్ను) పోరాటం, 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ప్రాణం పోయిన సంగతి ఒక్క పీరియడ్ పెడితే, ఆంధ్ర చరిత్ర కావాలన్న పాఠకుడి కోరికా తీరుతుంది.

ఇవన్నీ కలిపి కట్టే తాడు ఒక కాలపట్టీ. కావలసింది ఒక్క డ్రాయింగ్ చార్టు, ఇంచుమించు 70 సెంటీమీటర్ల పొడవు, 56 వెడల్పు. పొడవునా ఆరు పట్టీలుగా కత్తిరిస్తే ఒక్కోటి 9 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. వరసగా అంటిస్తే, అతుకుకు నాలుగేసి సెంటీమీటర్లు పోయినా 4 మీటర్లు వస్తుంది. ఏడాదికి 2 సెంటీమీటర్ల చొప్పున 1750 నుంచి 1950 దాకా సరిగ్గా సరిపోతుంది. నడిమి గీతకు పైన ప్రపంచం, కింద మన ప్రాంతం. పైన 1853–56 క్రిమియా యుద్ధం పడితే, కింద 1852–55 బెజవాడ ఆనకట్ట. పైన 1914లో మొదటి ప్రపంచయుద్ధం, కింద అదే సెప్టెంబరు 22న జర్మన్ యుద్ధనౌక ఎండెన్ మద్రాసు మీద గుండ్లు వేయడం. పైన 1921 మార్చిలో లెనిన్ నూతన ఆర్థిక విధానం, కింద ఆ నెలాఖరున బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం. పైన 1942లో జపాన్ దూకుడు, కింద ఏప్రిల్ 6న విశాఖ, కాకినాడల మీద బాంబులు.

ఈ పట్టీ ఎక్కడ చెడిపోతుందో కూడా చెప్పాలి. వాక్యాలు రాస్తే మొదటి వారంలోనే చోటు అయిపోతుంది, ఒక్కో ఘటనకు మూడు మాటలు మించకూడదు. 1789–99 పదేళ్లకు 20 సెంటీమీటర్లే వస్తాయి, అన్నీ ఇరుక్కుంటాయి. దానికి విడిగా ఏడాదికి 10 సెంటీమీటర్ల చొప్పున మీటరు పట్టీ వేసుకోవాలి. 1917కు నెలల పట్టీ, నెలకు 5 సెంటీమీటర్లు. స్కేలు పెట్టకుండా చేతి అంచనాతో గీస్తే పట్టీకి అర్థమే లేదు, శాంతి ఎంతకాలం, యుద్ధం ఎంతకాలం అన్నది దూరంలోనే కనిపించాలి. రెండు ప్రపంచయుద్ధాల మధ్య ఖాళీ 42 సెంటీమీటర్లే అని కొలిచి చూసినప్పుడు పిల్లల మొహాలు మారతాయి.

వేళ దొరకదని అంటారు. తొమ్మిదో తరగతిలో ఫ్రాన్స్‌కు 12 పీరియడ్లు, రష్యాకు 10, జర్మనీకి 12 పెడితే మొత్తం 34. చరిత్రకు వారానికి రెండు పీరియడ్లు ఇచ్చినా 17 వారాలు, దసరా అటూ ఇటూగా పూర్తవుతుంది. వేళ లేకపోవడానికి అసలు కారణం అందరికీ తెలుసు. "తొమ్మిది పబ్లిక్ కాదు కదా" అని కొన్ని ప్రైవేటు బడులు సంక్రాంతికల్లా పదో తరగతి సిలబస్ ఎత్తుకుంటున్నాయి. ఈ పాఠాలు పూర్తికాకుండానే పిల్లలు పదిలోకి వస్తున్నారు. అక్కడ ఐరోపా జాతీయవాదం పాఠంలో, నెపోలియన్ ఓడాక ఐరోపా సరిహద్దులు మళ్లీ గీసిన 1815 వియన్నా సమావేశం వస్తుంది. నెపోలియన్ ఎవరో, ముందు ఏం జరిగిందో తెలియని పిల్లలకు వియన్నా సమావేశం చెప్పడమంటే పునాది లేకుండా రెండో అంతస్తు కట్టడమే. తల్లిదండ్రులు ప్రోగ్రెస్ కార్డులో మార్కులు చూసినట్టే, డిసెంబరులో ఒకసారి తొమ్మిదో తరగతి సోషల్ నోట్సు తిరగేసి ఏ పాఠం దాకా వచ్చిందో చూడాలి.

విద్యాశాఖ చేయగలిగినవి చిన్నవే. పాఠ్యపుస్తకంలోని తప్పు తేదీలు, అంకెలకు ఒక పేజీ సవరణ పత్రం వేసి ఉపాధ్యాయుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం. బడికొకటి చొప్పున 1914 ఐరోపా గోడపటం ఇవ్వడం, ఇప్పటి ప్రపంచపటాలు ఇప్పటికే నాలుగేసి ఉన్నాయి. పబ్లిక్ పేపర్లో ఒక్క ప్రశ్నయినా పట్టికో, కార్టూనో ఇచ్చి "దీన్నిబట్టి ఏం తెలుస్తుంది" అని అడగడం. ఆ ఒక్క ప్రశ్న వస్తే గైడులవాళ్లే దారి మార్చుకుంటారు, వాళ్లకంటే వేగంగా మారేవాళ్లు లేరు.

కొండవీడు సంగతి అడిగిన పాఠకుడికి ఒక మనవి. కొండవీడు ఉన్న గుంటూరు సర్కారు ఈస్టిండియా కంపెనీ చేతికి పూర్తిగా వచ్చింది 1788లో. కాలపట్టీ మీద దాన్ని గీతకు కింద రాయించండి. పైన బాస్టిల్ రాయడానికి స్కేలు రెండు సెంటీమీటర్లు జరిపితే చాలు.

— ఒక సోషల్ ఉపాధ్యాయుడు,
గుంటూరు